లోపలి భాషకు తెలియని ఆరు

ఆదివారం పొద్దున నీళ్ళ ఆఫీసు తలుపు తీసీ తీయగానే పై పేట జనం లోపలికి తోసుకొచ్చారు. ఆడవాళ్ళ చేతుల్లో ఖాళీ ప్లాస్టిక్ క్యాన్లు. ముందు నడిచినాయన పేట పెద్ద అబూ దిరార్. ఎర్రగళ్ళ తలగుడ్డ ఒక పక్కకి జారిపోయినా ఆయన సర్దుకోలేదంటే ఆ కోపం ఏ పాటిదో ఆ కరక్ ఊళ్ళో పుట్టినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. వారానికొక్కసారి వచ్చే నీళ్ళ వంతు వరసగా మూడోసారి తప్పింది. కింది పేటలన్నిటికీ బ్రహ్మాండంగా వచ్చాయి. కొండమీద వీళ్ళ కుళాయిలు మాత్రం బుస్సుమని గాలి వదిలి ఊరుకున్నాయి.

"పసిపిల్లకి స్నానం లేదు, నమాజుకి ముందు ముసలాయన కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూకి నీళ్ళు లేవు. మీరు మాత్రం శుభ్రంగా తానాలాడి వచ్చినట్టున్నారే ఇంజనీరు గారూ! సెంటు వాసన గుమ్మం దాకా కొడుతోంది," అంది ఒకావిడ. వెనక నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో దయ లేదు.

ఇంజనీరు గాలిబ్ తన గదిలోంచి టై సవరించుకుంటూ బయటికొచ్చాడు. చెడ్డవాడేం కాదు. కానీ భయస్తుడు, భయస్తుడి చేతిలో అధికారం ఉంటే చెడ్డవాడి అవసరం ఎవరికీ రాదు. గురువారం రాజధాని అమ్మాన్ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. ఈ ఆఫీసులో నడుస్తున్న కొత్త ప్రోగ్రాం నచ్చితే దాన్ని మిగతా ఊళ్ళకీ పంపిస్తారు. గాలిబ్ నెల రోజులుగా ఆ గురువారం మీదే బతుకుతున్నాడు.

"రుదైనా, ఆ కంప్యూటరు తెర ఇటు తిప్పమ్మా," అన్నాడు.

రుదైనా తిప్పింది. ఆ ప్రోగ్రాం రాసింది ఆమే. తెర మీద పచ్చరంగు వరసలో స్పష్టంగా ఉంది. పై పేట, శనివారం, ఆరు గంటలు, పూర్తయింది.

"చూశారుగా! ఇక్కడినుంచి ఆరు గంటల నీళ్ళు బయల్దేరాయి. మీ ట్యాంకుల్లోకి చుక్క రాలేదు. మరి మధ్యలో ఉన్నదెవరు?"

అందరి తలలూ గోడవారన నిలబడ్డ అబూ ముఫ్లిహ్ వైపు తిరిగాయి. పై పేట వీధుల్లో వాల్వులు తిప్పే లైన్‌మన్ అతను. మనిషంత పొడుగున్న ఇనప వాల్వు కీని భుజానికి ఆనించుకుని, చలికాలం కోటు గుండీలు పెట్టుకోకుండా నిలబడి ఉన్నాడు.

"వాల్వు తిప్పానండీ," అన్నాడు. "పైపుకి చెవి ఆనించి విన్నాను. లోపల ఏమీ లేదు. మూడుసార్లూ అంతే."

"తెర మీద ఆరు గంటలుంటే పైపులో ఏమీ లేకపోవడమేంటయ్యా?"

"తెర సంగతి నాకు తెలీదు. పైపు సంగతి చెబుతున్నా."

"ట్యాంకరు వాడికి ఎంతకమ్మావ్?" అని గుంపులోంచి ఒక గొంతు అరిచింది. ఆ మాట పడ్డాక ఇంక ఆపేవాడెవడు? తలా ఒకటి అన్నారు. కన్నతండ్రిని తిట్టారు, తిన్న కూడు హరామన్నారు. అబూ దిరార్ మాత్రం తిట్టలేదు. నేలకేసి చూస్తూ, "మా పేట వాడివేగా," అన్నాడు ఒక్కసారి.

"విచారణ అయ్యేదాకా నువ్వు పనిలోకి రానక్కర్లేదు. కీ ఇక్కడ పెట్టు," అన్నాడు గాలిబ్.

అబూ ముఫ్లిహ్ కీని భుజం మీంచి దించాడు. దాని పిడికి అంటిన జిడ్డుని తన కోటు చేతితో తుడిచాడు. ఒకసారి తుడిచి చూసుకుని, మళ్ళీ తుడిచాడు. తర్వాత రెండు చేతులతో తెచ్చి బల్లమీద చప్పుడు కాకుండా పెట్టి, గుంపు మధ్యలోంచి వెళ్ళిపోయాడు. ఎవరూ పక్కకి తప్పుకోలేదు. భుజాలు రాసుకుంటూనే పోవలసి వచ్చింది.

బుధవారం ప్రత్యేకంగా ఒక వంతు ఇస్తానని గాలిబ్ మాటిచ్చాడు. జనం శాంతించి వెళ్ళారు. రుదైనా తెరని మళ్ళీ తనవైపు తిప్పుకుంది.

సోమవారం టీ దగ్గర ఉమ్ నిదాల్ ఆ సంగతి కదిపింది. పై పేట పట్టికలో గంటలు ఎక్కించే గుమాస్తా ఆవిడ. నోటికి తాళం లేని మనిషి.

"నాకొకటి అర్థం కాదు పిల్లా. ఆ అబూ ముఫ్లిహ్ ఇల్లూ పై పేటలోనే కదా? వాడి ట్యాంకూ ఎండిపోయింది. వాళ్ళావిడ మొన్న మా చెల్లెలింటికొచ్చి బిందెడు నీళ్ళు పట్టుకెళ్ళింది. సొంత కొంప ఎండబెట్టుకుని నీళ్ళమ్ముకునే దొంగని నువ్వెక్కడైనా చూశావా?"

"ఆ మాట నిన్న అనలేకపోయావా?"

"అందరూ అరుస్తుంటే నా గొంతేం వినిపిస్తుంది? నువ్వు మాత్రం అన్నావేంటి?" అని ఉమ్ నిదాల్ బిస్కెట్టు టీలో ముంచింది.

రుదైనా టీ అక్కడే వదిలేసి తన బల్ల దగ్గరికొచ్చి ప్రోగ్రాం తెరిచింది.

ఆ ప్రోగ్రాంలో రెండు కంప్యూటరు భాషలున్నాయి. పైదంతా పైథాన్, రుదైనా రాసింది. తెరలు, పట్టికలు, పచ్చరంగులు, ఎర్రరంగులు అన్నీ అదే చూసుకుంటుంది. కానీ పంపుకి ఆజ్ఞ ఇచ్చేది అది కాదు. దాని నడిమధ్యన, కొటేషన్ గుర్తుల మధ్య కూర్చోబెట్టిన సి భాష ముక్క ఒకటుంది. ఎప్పుడో రిటైరై కన్నుమూసిన ఒక ఇంజనీరు రాసింది. పంపుల గేట్లు ఎప్పుడు తెరవాలి, ఎంత నెమ్మదిగా మూయాలి, ఏ పైపుకి ఎంత ఒత్తిడి ఆగుతుంది, అంతా అందులోనే ఉంది. దాన్ని తిరగరాయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. రుదైనా కూడా అక్షరం మార్చకుండా అలాగే తెచ్చి తన పైథాన్ లోపల పెట్టింది. కొత్తగా కట్టిన ఇంట్లో అత్తగారి పాత వంటగదిని కదపకుండా ఉంచేసినట్టు. పైథాన్ పట్టికలో వరసని చదివి తెరమీద చూపిస్తుంది. అదే వరసని కిటికీలోంచి కాగితం అందించినట్టు లోపలికి అందిస్తుంది. లోపలిది తన కళ్ళతో మళ్ళీ చదువుకుని పంపు నడుపుతుంది, మధ్యలో వరస మారితే అప్పటికప్పుడే పాటిస్తుంది.

ఆ కిటికీకి అటొకటి, ఇటొకటి చూసే వరసలు పెట్టింది రుదైనా. బయట ఏం కనబడుతోంది, లోపల ఏం కనబడుతోంది. నిజం పంపు జోలికి పోకుండా ఉత్తుత్తి పేట ఒకటి చేసి, ఆరు అని కొట్టింది. బయట ఆరు. లోపల ఆరు. ఎనిమిది కొట్టింది. బయట ఎనిమిది, లోపల ఎనిమిది. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడేదాకా కొడుతూనే ఉంది. ఎక్కడా తేడా లేదు.

తను వెతకాల్సింది తన వేళ్ళు కొట్టేది కాదని అప్పుడు తట్టింది.

"ఉమ్ నిదాల్, ఒక్కసారి ఇలా రా. నువ్వు రోజూ కొట్టినట్టే ఇక్కడ ఆరు కొట్టు."

ఆవిడ వేళ్ళకంటిన బిస్కెట్టు పొడి దులుపుకుని వచ్చి కొట్టింది. అరబీ లిపిలో ఆరు. ఆఫీసులో మిగతా గుమాస్తాలు ఇంగ్లీషు అంకెలు కొడతారు. ఉమ్ నిదాల్‌కి చిన్నప్పటినుంచీ అరబీ అంకెలే. ఇంగ్లీషువి కనబడితే కళ్ళు తిరుగుతాయని గోల పెట్టేది. కిందటి నెల ఆవిడ కోసమే రుదైనా సరదా పడి, తెర రెండు రకాల అంకెలూ తీసుకునేలా మార్చింది. పైథాన్‌కి ఏ ఇబ్బందీ లేదు, రెండూ చదువుతుంది. ఆ రోజు ఆవిడ సంతోషంతో ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి గిన్నెడు వండి తెచ్చింది.

తెర మీద బయట, ఆరు. లోపల, సున్నా.

రుదైనా ఇంకోసారి కొట్టించింది. అరబీ ఎనిమిది కొట్టించింది. బయట ఎనిమిది, లోపల సున్నా. లోపలి భాష పుట్టినప్పుడు దానికి నేర్పిన అంకెలు వేరు. ఈ అంకె దానికి తెలీదు. తెలీనప్పుడు అరవాలి కదా! అరవదు. అర్థం కానిదాన్ని సున్నా అనుకుని, వచ్చిన పని అయిపోయిందని బయటికి చెప్పేసి ఊరుకుంటుంది. బయటిది దాన్ని నమ్మి పచ్చరంగు వేస్తుంది. పై పేట వంతు నాడు పంపు అసలు కదల్లేదు. అబూ ముఫ్లిహ్ ఎండు పైపుకి చెవి ఆనించి కూర్చున్నాడు.

"ఏమయిందే? ముఖం అలా పాలిపోయింది?" అంది ఉమ్ నిదాల్.

"నేనే," అంది రుదైనా. నిన్న తెర తిప్పిన చెయ్యి, కిందటి నెల తెర మార్చిన చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి తనది.

గాలిబ్ అంతా విన్నాడు. లేచి తలుపు మూశాడు. మళ్ళీ కూర్చుని, టేబుల్ మీద పేపర్ వెయిట్‌ని ఆ పక్కనుంచి ఈ పక్కకి జరిపాడు.

"సరిచేయడానికి ఎంతసేపు?"

"చిన్న పనే. లోపలికిచ్చే ముందు అంకెల్ని మార్చి ఇస్తే చాలు. ఇవాళే చేసేస్తాను."

"వద్దు. గురువారం దాకా ఆ ప్రోగ్రాంలో ఒక్క అక్షరం కదపకు. ఇంకోటేదైనా తెగి కూర్చుంటే నా పరువు పోతుంది. ఉమ్ నిదాల్‌ని ఇంగ్లీషు అంకెలు కొట్టమని చెప్పు, అయిపోతుంది. బుధవారం నీళ్ళొస్తాయి."

"అబూ ముఫ్లిహ్?"

"అతని సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడు సార్? బుధవారం నీళ్ళొస్తే జనం ఏమనుకుంటారు? దొంగని తీసేశారు, నీళ్ళొచ్చాయి అనుకుంటారు. మనం సరిచేసిన కొద్దీ అతని మీద మచ్చ గట్టిపడుతుంది."

గాలిబ్ ఆమె ముఖం చూడలేదు. "నేనేమన్నా అతన్ని జైల్లో పెట్టించానా? కొన్నాళ్ళకి వేరే చోటికి వేయిస్తాను. నువ్వు కుర్రదానివి రుదైనా, నీకు ముందు బోలెడు ఉద్యోగం ఉంది. తప్పు మాదేనని మనమే చాటింపు వేసుకుంటే, మిగతా ఊళ్ళవాళ్ళు ఈ ప్రోగ్రాం ముట్టుకుంటారా? నిన్ను ముట్టుకుంటారా?"

ఆమె తలుపు తీసుకుని వచ్చేసింది. నీళ్ళివ్వకపోతే పసిపిల్లలున్న ఇళ్ళు ఎండుతాయి. ఇస్తే ఒక మనిషి దొంగగా మిగిలిపోతాడు. మంగళవారమంతా ఆమెకి ఇదే రంధి. అమ్మ పెట్టిన అన్నం కెలికి వదిలేసింది. ఉమ్ నిదాల్ మాత్రం కళ్ళద్దాలు ముక్కు చివరికి తెచ్చుకుని, ఇంగ్లీషు అంకెలు వెతుక్కుంటూ, వాటిని కనిపెట్టినవాళ్ళ ఏడు తరాలనీ తిట్టుకుంటూ బుధవారం గంటలు ఎక్కించింది.

శనివారం అబూ ముఫ్లిహ్ తిప్పి వదిలిన వాల్వులోంచే బుధవారం మధ్యాహ్నం పై పేటకి నీళ్ళొచ్చాయి. రుదైనా కొండెక్కేసరికి ప్రతి మిద్దె మీదా ట్యాంకుల్లో నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆడవాళ్ళు మిద్దెల మీద నిలబడి పెళ్ళిలో లాగా నాలుకలాడించి కూతలు పెడుతున్నారు. ఒకావిడ పిట్టగోడ మీంచి వంగి పక్కింటావిడతో గట్టిగా అంది. "దరిద్రుడు పోయాడు, బరకత్తు వచ్చింది!"

అబూ ముఫ్లిహ్ ఇంటి తలుపు అతని భార్యే తీసింది. లోపల అతను కోటు విప్పకుండా పరుపు మీద కూర్చుని ఉన్నాడు. మిద్దె మీద అతని ట్యాంకు కూడా నిండుతోంది. రుదైనా జరిగిందంతా చెప్పింది. తన తప్పుని తప్పే అని చెప్పింది. అతను విని పైకి వేలు చూపించాడు.

"ఆ చప్పుడు వింటున్నావామ్మా? ఇన్నేళ్ళూ నాకది పాటలా ఉండేది. ఇవాళ మధ్యాహ్నం నుంచి నన్ను దొంగ, దొంగ అంటోంది. నా ట్యాంకు కూడా అంటోంది."

"నన్ను క్షమించండి."

"నాకెందుకు చెబుతావు తల్లీ? నేను దొంగని కానని నాకు తెలుసు. తెలియనివాళ్ళకి చెప్పు."

అదీ నిజమే. ఆమె నేరుగా అబూ దిరార్ ఇంటికి వెళ్ళింది. ఆయన బైఠక్ గదిలో పేట పెద్దలు గోడల చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆడపిల్ల ఒక్కతే అలా రావడం చూసి కొందరు కాళ్ళు ముడుచుకున్నారు. అబూ దిరార్ మర్యాదగా కూర్చోబెట్టి, యాలకుల కాఫీ పోసిన బుల్లి గిన్నె స్వయంగా అందించాడు. రుదైనా అందుకుని, తాగకుండా ముందు నేలమీద పెట్టింది.

అందరి చూపులూ ఆ గిన్నె మీదికి పోయాయి. గిన్నె అలా కింద పెట్టారంటే వచ్చినవాళ్ళకి ఏదో కావాలి, అది ఇస్తానని మాట వచ్చేదాకా ముట్టుకోరు. కానీ అది పెద్దమనుషులు పదిమందీ కలిసి వచ్చినప్పుడు చేసే పని. జీన్స్ ప్యాంటు వేసుకున్న పిల్ల చేయడం ఆ గదిలో ఎవరూ చూడలేదు.

"ఏం కావాలి బిడ్డా?" అన్నాడు అబూ దిరార్.

ఆమె చెప్పింది. రెండు భాషలు, అంకెలు, సున్నా, అన్నీ వీలైనంత తేలిక మాటల్లో చెప్పింది. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. విన్నాక ఒకాయన గడ్డం గోక్కున్నాడు.

"అంటే, ఆరుని ఆరు అనుకోలేదంటావు. అంత చదువుకున్న కంప్యూటరు!"

"పిల్లది మెత్తని మనసు," అన్నాడు ఇంకొకాయన. "వాడి పెళ్ళాం ఏడ్చి ఉంటుంది. జాలిపడి తన నెత్తిన వేసుకుంటోంది."

"మొన్న తెర తిప్పి చూపించింది నువ్వే కదమ్మా? అప్పుడు ఆరు గంటలు నిజం, ఇప్పుడు అబద్ధమా? వాణ్ణి తీసేశారు, నీళ్ళొచ్చాయి. మాకు కళ్ళున్నాయి."

కోపంతో ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. నిజం ఇంత చేతగానిదా అనిపించింది. దొంగ ఉన్నాడంటే చంటిపిల్లాడికీ అర్థమవుతుంది. సున్నా ఎవరికి అర్థమవుతుంది? పై మిద్దె మీద ట్యాంకులో ధార ధారాళంగా పడుతూనే ఉంది. ఆమె తలెత్తి ఆ చప్పుడు విని, ఫోను తీసి, అందరికీ వినబడేలా పెట్టింది.

"ఉమ్ నిదాల్, సార్ ఎక్కడ?"

"హాల్లో రేపటి కుర్చీలు సర్దిస్తున్నాడు. ఏమే?"

"పై పేట వరసలో గంటలు చెరిపి, నీ అరబీ ఆరు కొట్టు."

"పిచ్చా నీకు? నీళ్ళు ఆగిపోతాయి. నా కొంప ముంచుతావా? ఇంకొన్నాళ్ళలో పెన్షను పుచ్చుకోవలసినదాన్ని."

"నేను చేయమన్నానని చెప్పు. నన్నే అంటారు."

"అంటారా? పీకేస్తారు నిన్ను!" అంది ఉమ్ నిదాల్. తర్వాత ఆవిడ గొంతు మారింది. "ఆ అంకెలు నా వేళ్ళవే కదా తల్లీ. సరే, కొడుతున్నా."

మీటలు టకటకమన్నాయి. రుదైనా ఫోను పక్కన పెట్టింది. కాసేపు ధార అలాగే పడింది. ఒకాయన నవ్వబోయాడు. అప్పుడు చప్పుడు సన్నబడింది. ఇంకా సన్నబడి, బొట్లు బొట్లుగా పడి, ఆగింది. పక్కింట్లో ఆగింది. ఆ వెనక ఇంట్లో ఆగింది. మిద్దెల మీద ఆడవాళ్ళు ఒకరినొకరు కేకలేసుకోవడం మొదలుపెట్టారు.

"అబూ ముఫ్లిహ్ ఇంట్లో కూర్చుని ఉన్నాడు," అంది రుదైనా. "అతని కీ మా ఆఫీసు బల్లమీద ఉంది. ఇప్పుడు మీ నీళ్ళు ఎవరు దొంగిలించారు?"

గోడవారన కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ తల ఎత్తలేదు. మొన్న "ఎంతకమ్మావ్" అని అరిచినవాడు వాళ్ళలోనే ఉన్నాడు. తన చెప్పులు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకుంటున్నాడు.

"నీళ్ళు వదలమని చెప్పమ్మా. మాకర్థమయింది," అన్నాడు అబూ దిరార్.

"ముందు మీ మాట కావాలి."

"ఏం మాట?"

"అతన్ని పదిమందిలో అన్నారు. పదిమందీ కలిసి అతని గుమ్మం తొక్కండి."

ముసలాయన చాలాసేపు ఆ నేలమీది కాఫీ గిన్నెనే చూశాడు. తర్వాత తలగుడ్డ సర్దుకుని, "తాగు బిడ్డా. వస్తాం," అన్నాడు. ఆమె తాగింది. చల్లారిపోయి చేదుగా ఉంది. ఉమ్ నిదాల్‌కి చెప్పింది. నీళ్ళు మళ్ళీ పడసాగాయి.

సందులో నడుస్తుండగా ఫోను మోగింది. గాలిబ్. మోగి మోగి ఆగాక సందేశం వచ్చింది. రేపు ఆఫీసుకి రావద్దు, ఎల్లుండి కూడా రావద్దు. ఆమె చదివి ఫోను జేబులో పెట్టుకుంది. భయం వేసింది. ఇంటికెళ్ళి అమ్మకేం చెప్పాలో తోచలేదు. అయినా కాళ్ళు వాళ్ళతోపాటే నడిచాయి.

తలుపు తీసిన అబూ ముఫ్లిహ్, నల్ల అంగీలు కప్పుకుని వరసగా నిలబడ్డవాళ్ళని చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. తర్వాత పక్కకి తప్పుకుని దారిచ్చాడు. అందరూ కూర్చున్నాక తనే కాఫీ పోశాడు. ఎవరూ తాగలేదు. గిన్నెలన్నీ నేలమీద వరసగా నిలిచాయి.

"నీ హక్కు మా మెడమీద ఉంది అబూ ముఫ్లిహ్," అన్నాడు అబూ దిరార్. "నిన్ననకూడని మాటలన్నాం. నీ పని నీకు ఇప్పించేదాకా రేపు ఆఫీసు గుమ్మంలోంచి మేము కదలం. అమ్మాన్ వాళ్ళ ముందే అడుగుతాం. నువ్వు మమ్మల్ని క్షమించానంటేనే ఈ కాఫీ తాగుతాం."

అబూ ముఫ్లిహ్ చేతిలో కాఫీ కూజా అలాగే ఉంది. అంతలో మిద్దె మీద ట్యాంకు నిండిపోయి, నీళ్ళు పొర్లి గోడవెంట కిందికి కారడం వినబడింది.

"ట్యాంకు నిండింది," అన్నాడతను గబగబా. "కట్టేసి వస్తాను. నీళ్ళు వృథా అవుతాయి."

కూజా భార్య చేతికిచ్చి మెట్లెక్కాడు. కాసేపటికి పొర్లడం ఆగింది. వాళ్ళు ఎదురుచూశారు. అతను దిగి రాలేదు. అబూ దిరార్ ఒకటి రెండుసార్లు మెట్లవైపు చూశాడు. ఒకాయన లేవబోయాడు.

అతని భార్య మెట్లకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"కూర్చోండి," అంది. "ఆదివారం నుంచి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఇప్పుడు ఏడుస్తున్నాడు. ఏడవనివ్వండి. మీ కాఫీ చల్లారితే నేను మళ్ళీ కాస్తాను."